నూట అరవై రెండు అడుగులు

"నాలుగు గంటలకు రామాంజిని జడ్జిగారి ముందర నిలబెడతా. మీరు చెప్పేదేమన్నా ఉంటే ఆ లోపల చెప్పండి మేడమ్. తర్వాతయితే పేపర్లో చదువుకోవచ్చు."

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసింహప్ప బల్ల మీది కాగితాన్ని ఒక్క వేలితో కుమారి వైపు నెట్టాడు. గోడ గడియారంలో పదకొండూ నలభై అయింది.

ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. నిరుడు చిలమత్తూరు దొంగతనం కేసులో నరసింహప్ప ఒకణ్ణి పట్టుకుని విలేకరుల ముందు నిలబెట్టిన రెండో రోజే కుమారి అసలు దొంగను స్టేషనుకు నడిపించుకొచ్చింది. ఆ అవమానం ఆయనకు ఇంకా మానని పుండు. ఈసారి ఆ పుండుకు మందు దొరికిందన్న సంతోషం ముఖంలో దాచుకోవడం లేదు.

అనంతపురంలో ఆమె ఆఫీసు బోర్డు మీద 'కె. కుమారి, ప్రైవేట్ డిటెక్టివ్' అని ఉంటుంది. 'కె' అంటే ఏమిటని అడిగినవాళ్లు లేరు. అడిగినా ఆమె చెప్పే ఘటం కాదు. తమది కర్నూలనీ, అమ్మానాన్నలు టీచర్లనీ పదిహేనేళ్లుగా చెబుతోంది. ఈ వీరగిరిలోనే, కోట గోడ కింది పేటలోనే పుట్టి పెరిగిన మనిషి, మూడు రోజుల కింద బస్సు దిగి స్టేషనుకు దారి అడిగింది! అబద్ధం ఒకటి చెబితే దాన్ని మోయడానికి తొంభై తొమ్మిది మంది కూలీలు కావాలి మరి.

జరిగింది ఇంత. చక్రధర్‌ది బందరు. డచ్చివాళ్ల సమాధులు, పాత రేవు, దీపస్తంభం అన్నీ సైకిళ్ల మీద తిప్పి చూపిస్తూ ఎనిమిదేళ్లుగా అక్కడ టూర్లు నడుపుతున్నాడు. సముద్రం లేకపోతేనేం, మీకు కోట ఉంది కదా అని వీరగిరి రామాంజికి ఆ విద్య నేర్పింది ఆయనే. రెండు నెలలుగా రామాంజి ప్రతి ఆదివారం ఎండ ముదరక ముందే, ఆరింటికి, జనాన్ని వెంటేసుకుని బయల్దేరుతున్నాడు. మొన్న ఆదివారం నలుగురు టూరిస్టులు, తోడుగా చూడవచ్చిన చక్రధర్. ఏడూ అయిదుకు దిగుడుబావి దగ్గర చక్రధర్ ఆగిపోయాడు. "మీరు పదండి, ఫోటోలు తీసుకుని వెనకే వస్తా" అన్నాడు. రాలేదు. సోమవారం ఆయన సైకిలు చెరువు కట్ట మీద దొరికింది. చేతికి పెట్టుకునే స్మార్ట్ గడియారం దాని హ్యాండిల్‌కు కట్టి ఉంది. శవం మాత్రం మూడేళ్లుగా చుక్క నీరు లేని ఆ దిగుడుబావి అడుగున, తల పగిలి కనిపించింది. అనుమానం రామాంజి మీదికి మళ్లింది. ఆ రోజే అతని భార్య లక్ష్మీదేవి అనంతపురం వచ్చి కుమారి కాళ్ల మీద పడింది. నిన్న సాయంత్రం అతన్ని అరెస్టు చేశారు.

కాగితం మీద ఉన్నది ఆ గడియారం తనంతట తను రాసుకున్న లెక్క. నడిచిన దారి, వేగం, అడుగులు, నాడి, నిముషం నిముషానికీ.

"ఏడూ నలభై ఎనిమిదికి చెరువు కట్ట. అందాకా నాడి కొట్టుకుంటానే ఉండాది. చచ్చినోనికి నాడి కొట్టుకుంటాదా మేడమ్?" అన్నాడు నరసింహప్ప. "ఏడూ యాభైకి రామాంజి టిఫిన్ హోటల్నించి మాయం. ఎనిమిదిన్నరకు వచ్చినాడు. ట్యూబు కోసం పోయినాడంట. చూసినోడు ఒక్కడు లేడు. కట్ట మీద ఉన్నాయన్ని బండెక్కించుకుని బావి కాడికి తీసకపోయి తోసేసినాడు."

"ఏడూ పన్నెండు నుంచి ఏడూ ఇరవై ఒకటి దాకా నాడి లేదు."

"చెమట పట్టి తీసింటాడు."

"అంతకు ముందు గంటకు పదహారు కిలోమీటర్లు తొక్కినవాడు, గడియారం మళ్లీ పెట్టుకున్నాక పది దాటలేదు."

"అలిసిపోయింటాడు. మీరు ఆదివారం పొద్దన్నే సైకిలు తొక్కినారా ఎప్పుడన్నా?"

 కుమారి చూపు కింది వరుసల్లో ఆగిపోయింది. ఏడూ ముప్పై ఒకటికి వేగం పది నుంచి మూడుకు పడింది. రెండు నిముషాలు మూడే. మళ్లీ పది. ఆ రెండు నిముషాల్లో నూట అరవై రెండు అడుగులు. ఎక్కడా ఆగలేదు, దిగి నడిచారు. పటం మీద ఆ నడక ఒక పొడవాటి ప్రహరీ గోడ మొదటి మూల దగ్గర మొదలై, చివరి మూల దగ్గర ముగిసింది. అక్కడ ఎత్తు లేదు, గుంత లేదు. రోడ్డు అరచేతిలా చదునుగా ఉంటుంది.

అది పెద్దింటి గోడ. ఒకప్పుడు పేటవాళ్లెవరైనా ఆ గోడ పొడుగునా సైకిలు దిగి, చెప్పులు విడిచి నడవాలి. ఆ సంగతి తెలియడానికి ఆమెకు పటం అక్కర్లేదు.

"ఏముండాది ఆడ?" అన్నాడు నరసింహప్ప వంగి చూస్తూ.

"ఏమీ లేదు," అంది కుమారి. చెబితే, నీకెట్ల తెలుసని అడుగుతాడు. లోపల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చి ఉంటే తను తన పరువు చూసుకుంటోందని ఆమెకు తెలుసు. తెలిసే కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

లాకప్‌లో రామాంజి మోకాళ్లు పొదువుకుని కూర్చున్నాడు. ముప్పై రెండేళ్ల మనిషి. కానిస్టేబుల్ పక్కకు పోయేదాకా నోరు మెదపలేదు.

"అక్కా, నువ్వు యేసన్న పెద్దాయన కూతురివని నేను ఎవురికీ చెప్పలేదు. నీకు ఇష్టం లేదని తెలుసు."

కుమారికి చెవులు కాలాయి. ఉరితాడు కళ్ల ముందు ఊగుతున్నవాడు తన గుట్టు కాపాడుతున్నాడు. గొంతు సవరించుకుంటే ఇన్నాళ్లూ అణచిపెట్టిన యాస దానంతట అదే బయటికొచ్చింది.

"బావి కాడ ఆయప్ప ఏంటికి నిలబడిపోయినాడు?"

"స్తంభాలక్కా. పోయినేడు ఆయన తీసిన ఫోటోలో బావి మెట్ల పక్కన ఎనిమిది చెక్కుడు స్తంభాలుండాయి. ఇప్పుడు ఆరే. కలెక్టరుకు రాస్తా అనె శనివారం. దాని మీదనే మాకు గొడవ. బావి పక్క తోట పెద్దింటోళ్లది, ఇప్పుడిప్పుడే టూర్లు పెట్టుకుంటిమి, పెద్దోళ్లతో మనకేంటికి అన్నా అంటి. నేను పిరికోణ్ణక్కా. నేను తోడుండనంటేనే ఆయన ఒక్కడే నిలబడిపోయినాడు." రామాంజి ముఖం తుడుచుకున్నాడు. "వాళ్లావిడ వచ్చిందంట గదా. ఆమెకు నా మొగం ఎట్ల చూపించేది?"

"టిఫిన్ హోటలుకు ఎన్నింటికి చేరినారు?"

"ఏడూ ఇరవై. ఏడున్నరకు చర్చి గంట కొడితే ఇడ్లీ పెట్టమని హోటలోళ్లకు చెప్పింటా, ప్రతి ఆదివారం అదే లెక్క. ఆ పొద్దు గంటనే కొట్టలేదు. అడిగి పెట్టించుకుంటిమి. నేను ట్యూబు కోసం సోమందేపల్లె రోడ్డులో అంగడికి పోయినాక కొట్టినారు, ఎనిమిదీ అయిదుకు. అంగడి మూసిండె. ఆదివారం తీయరని మర్చిపోతి."

కుమారి కలం ఆగింది. ఆ గంట కొట్టేది ఎవరో ఆమెకు ఒకరు చెప్పాలా! ఇరవై నాలుగేళ్లలో నాయనకు జ్వరమొచ్చినా, అమ్మ పోయిన వారమైనా ఆ గంట ఒక్క నిముషం తప్పలేదు.

"పెద్దింటి గోడ కాడ మీ టూరోళ్లు దిగుతారా?"

"దిగేదా?" ఆ స్థితిలోనూ రామాంజి కళ్లు మెరిశాయి. "ఆడ అందరితో బెల్లు కొట్టిస్తా నేను. మా తాత చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన చోటు ఇది అని చెప్తా. బందరన్నకు ఆ కథంటే శానా ఇష్టం. గోడ అయిపోయిందాకా కొడతానే ఉంటాడు."

"ఇప్పుడు గూడా ఎవురన్నా దిగుతారా?"

రామాంజి తల పక్కకు తిప్పుకున్నాడు. "ఏంటికిలే అక్కా."

"చెప్పు. నాలుగింటికి నిన్ను తీసకపోతారు."

"చెప్తే నువ్వు తల దించుకోవల్ల. ఈడ నేనొక్కణ్ణి దించుకునేది చాలదా?"

ఇక అడగాల్సింది లేదు. అయినా ఆమె మనసు గడ్డిపోచ కోసం వెతికింది. చక్రధరే దిగి ఉండొచ్చు కదా, గోడను చూస్తూ, ఆ కథ తలుచుకుంటూ? అలా అయితే బాగుండునని ఆమె కోరుకుంది. అలా అయితే రామాంజి జైలుకు పోతాడని గుర్తొచ్చాక కూడా ఒక క్షణం కోరుకుంది.

పన్నెండున్నరకు లాడ్జిలో చక్రధర్ భార్య శశిని కలిసింది. 

"ఆయన సైకిల్ దిగి నడిచారా? నూట అరవై అడుగులా?" శశి తల అడ్డంగా ఊపింది. "లేదండీ. మూడేళ్ల కిందట కుడి మోకాలికి ఆపరేషనయింది. తొక్కితే ఏమీ కాదు, నడిస్తేనే నొప్పి. పది అడుగులకోసారి ఆగిపోతారు. బందరులో టూరిస్టులంతా సమాధుల మధ్య తిరుగుతుంటే ఈయన సైకిల్ మీదే ఒంటికాలు ఆనించి కథలు చెప్పేవారు. నన్ను దీని మీంచి దింపేది యముడే శశీ అనేవారు. నవ్వేదాన్ని నేను."

ఫోనులో ఆపరేషన్ కాగితాలు తీసి చూపించింది. కుమారి వాటిని తన ఫోనుకు పంపించుకుంది.

"ఈ ఊరు మీకు బాగా తెలిసినట్టుంది," అంది శశి. "మీవాళ్లెవరైనా ఇక్కడున్నారా అండీ?"

"లేరండీ."

మొగుడు పోయి కూర్చున్న మనిషికి కూడా అబద్ధమే. మెట్లు దిగుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది కుమారికి. ఆ అసహ్యంతోనే నరసింహప్పకు ఫోన్ చేసింది.

"గడియారం పెట్టుకుని కట్ట దాకా పోయింది చక్రధర్ కాదు. ఆయన నడవలేడు. కాగితాలు పంపించాను. ఏడూ పన్నెండుకే పెనుగులాటలో గడియారం ఊడి, ఆయన బావిలో పడ్డాడు. అప్పుడు రామాంజి నలుగురు టూరిస్టుల మధ్య ఉన్నాడు."

అవతల కాగితాలు చూస్తున్నట్టున్నాడు.

"సరే మేడమ్, ఆయన కాదనే అనుకుందాం. మరి ఎవురు? సైకిలు దానంతటది పోలేదు గదా. పేరు చెప్పండి, వాన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి వీన్ని పంపిస్తా. పేరు లేకుండా మోకాలి నొప్పి చెప్పి ముద్దాయిని వదిలితే రేపు నన్ను యాడికి పంపిస్తారో మీకూ తెలుసు."

"మోకాలి నొప్పి సాక్ష్యం కాదా?"

"పేరు, మేడమ్. నాలుగింటి లోపల." ఫోన్ పెట్టేశాడు.

ఒంటిగంటా పదికి కుమారి దిగుడుబావి దగ్గర ఉంది. టిఫిన్ హోటలాయన దగ్గర సైకిలు అడిగి తెచ్చుకుంది. మెట్ల పక్కన ఆరు స్తంభాలు, రెండు గుంతలు. గుంతల్లో మట్టి కొత్తది, కాలితో నొక్కితే కూరుకుంది. పక్కన రాళ్ల సందులో గోనెపట్టా ముక్క, దానికి తాడు. తాడిపత్రి లారీల్లో పాలిషు బండలు ఒరుసుకోకుండా ఇలాంటి పట్టాలే చుడతారు. రెండు స్తంభాలు బండల మధ్య పడుకుని ఊరు దాటి ఉంటాయి. బావి నుంచి తోటలోకి గోడ పడగొట్టిన దారి తిన్నగా ఉంది. అన్నిటికీ ఫోటోలు తీసింది.

గడియారంలో సమయం చూసుకుని సైకిలెక్కింది. కాగితం మీదున్న దారినే, కాగితం మీదున్న వేగంతోనే తొక్కింది. పదో నిముషానికి మలుపు తిరిగితే ఎదురుగా పెద్దింటి గోడ మూల.

ఆమె కాలు నేల మీద ఆనింది.

దిగాలని అనుకోలేదు. నలభై ఒక్క ఏళ్లు, డిగ్రీ, చేతిలో లైసెన్సు, సంచిలో సి.ఐ. నోరు మూయించే కాగితాలు. ఏవీ అడ్డం రాలేదు. కాళ్లు వాటంతట అవే దిగి, సైకిలును పక్కన నడిపించుకుంటూ పోతున్నాయి. మళ్లీ ఎక్కుదామనుకుంది, ఎక్కలేకపోయింది. సిగ్గుతో ఒళ్లంతా చెమట పట్టింది. అడుగులు లెక్కపెట్టడం మాత్రం మానలేదు. నూట యాభై ఎనిమిది.

చివరి మూల దగ్గర గేటులో తెల్ల పంచె కట్టుకున్న పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. గంగాధరప్ప. ఊరికి పెద్ద, శవ పంచనామా మీద మొదటి సంతకం ఆయనదే.

"ఎవురమ్మా నువ్వు? గోడ చూసి దిగినావే," అన్నాడు మెచ్చుకోలుగా. "ఈ కాలంలోనూ మర్యాద తెలిసిన పిల్లోళ్లు ఉండారన్నమాట. కాఫీ తాగి పోదువు రా."

"పనుంది సార్," అంది కుమారి. ఆ 'సార్' నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు. రోడ్డు మలుపు తిరిగాక సైకిలు గోడకు ఆనించి, వంగి వాంతి చేసుకుంది.

పేటలో ఇంటి తలుపు తీసే ఉంది. రెండుంబావు. యేసన్న నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్లు, చెక్కలా ఎండిన మనిషి. కూతుర్ని చూడగానే లేచి కుర్చీని కండువాతో తుడిచాడు. అంతకు ముందు క్రిస్మస్‌కు వచ్చిందామె, మళ్లీ ఇదే. అనంతపురంలో ఒకసారి ఆయన వెతుక్కుంటూ ఆఫీసుకు వస్తే, ఎదుట కూర్చున్న క్లయింటుకు "మా ఊరి మనిషి" అని చెప్పింది. ఆయన విన్నాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు, ఎందుకని ఆమె అడగలేదు.

"నీళ్లు తాగుతావా పాపా?"

"నాయనా, ఆదివారం గంట ఏంటికి ఆలస్యమాయె?"

యేసన్న చెంబు కింద పెట్టాడు. "వచ్చి అడుగుతావనే కూచోనుండా. మూడు దినాల్నించి."

"చెప్పు."

"పెద్దింటి తోట కావలి నుంచి వస్తాంటే గంగాధరప్ప పెద్దాయన పిలిచె. బావి కాడ సైకిలు ఆనించిండాది. ఇది చెరువు కట్ట మీద పెట్టి రా, ఈ వాచీ దానికి కట్టు అనె. జేబు చినిగిండె, యాడన్నా పడిపోతాదని చేతికి పెట్టుకుంటి."

"ఎవురి సైకిలని అడగలేదా?"

"ఆయన్ని మనం యాడ అడుగుతాం పాపా?"

"గోడ కాడ దిగినావు."

"దిగినా." ఆయన అయోమయంగా చూశాడు. దిగకుండా ఎలా పోతారన్నది ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

"బావిలోకి చూసినావా?"

"చూడలేదు."  కండువా అంచు వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "ఇనపడె."

"ఏమి ఇనపడె?"

"మూలుగు. లోపల్నించి. ఎవురో ఉండారు సామీ అంటి. యేసన్నా, నీ పని నువ్వు చూసుకో పో అనె. పోతి."

కుమారి కుర్చీ అంచు పట్టుకుంది. ఏడూ ఇరవై ఒకటికి చక్రధర్ బతికే ఉన్నాడు. ఆస్పత్రి బావికి రెండు కిలోమీటర్లు. శవం దొరికింది మర్నాడు పదకొండింటికి.

"తిరిగి రాలేదా నాయనా? ఎవురికన్నా చెప్పలేదా?"

"గంట కొట్టల్ల గదా. చర్చిలో అందరూ కూచోనుండ్రి. కొడితి." ఆయన అరచేత్తో చెవి రుద్దుకున్నాడు. "అప్పట్నించి చెవిలో అదే. గంట కాదు, ఆ మూలుగు."

అరవాలనిపించింది కుమారికి. నువ్వేం మనిషివి అని అడగాలనిపించింది. నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పొద్దుట్నించి తను సి.ఐ.కి ఒకటి, శశికి ఒకటి అబద్ధం చెప్పింది. రామాంజి జైలుకు పోయినా ఫర్వాలేదని ఒక క్షణం అనుకుంది. ఈయన భయంతో నోరు మూసుకున్నాడు. తనకు ఏ భయం ఉందని?

ఫోను బల్ల మీద పెట్టి రికార్డింగ్ నొక్కింది. "మొదట్నించి మళ్లీ చెప్పు నాయనా. పేర్లతో సహా." ఆయన చెప్పాడు, ఒక్క మాట మార్చకుండా. రెండూ నలభై ఆరుకు దాన్ని అనంతపురంలో తనకు తెలిసిన వకీలుకు పంపించి, నాయనకూ వినబడేలా స్పీకర్ నొక్కి నరసింహప్పకు ఫోన్ చేసింది.

"పేరు దొరికింది. యేసన్న. చర్చి గంట కొట్టే ఆయన. సైకిలు తీసుకుపోయింది ఆయనే, ఒప్పుకున్నాడు."

"ఆ ముసిలాయనా? మీతో ఏంటికి ఒప్పుకుంటాడు మేడమ్?"

కుమారి తండ్రి వైపు చూసింది.

"మా నాయన కాబట్టి. నా పేరు కృపాకుమారి. మాది కర్నూలు కాదు. ఈ పేటలోనే పుట్టినా." పదిహేనేళ్ల బరువు దిగింది కానీ హాయి అనిపించలేదు. ఇంత ఆలస్యంగా చెప్పినందుకు సిగ్గే వేసింది. "నాయన చేత ఆ పని చేయించింది గంగాధరప్ప. స్తంభాలు అమ్మింది ఆయనే. చక్రధర్ అప్పటికి బతికే ఉన్నాడు. రామాంజిని వదిలి, ఆయన్ని పట్టుకోండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. నరసింహప్ప గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

"మేడమ్, ఫోను స్పీకర్లో ఉండాది. పంచనామాలో మిగిలిన సంతకాలకు పెద్దాయన వచ్చినారు, ఎదురుగానే..."

ఇంకో గొంతు ఆ మాటను పక్కకు నెట్టింది. కంగారు లేదు, కోపం లేదు.

"యేసన్నా, ఇంట్లోనే ఉండావా?"

యేసన్న మంచం మీంచి లేచాడు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఉండా సామీ."

"ఈ సైకిలు పిల్ల నీ కూతురా? చెప్పలేదే. ఉండండి ఇద్దరూ, నేనొస్తాండా."

ఫోన్ తెగిపోయింది. నిముషంలో నరసింహప్ప నుంచి మెసేజి వచ్చింది. 'పేటలోంచి బయటపడండి. ఇద్దరు మనుషులను తీసుకుని నాకంటే ముందే బయల్దేరినాడు. జీపు స్టార్ట్ కాలేదు, వస్తాండా.'

కుమారి తలుపు గడియ వేసింది. వెనక తలుపుకు బీరువా అడ్డం లాగింది. తప్పించుకుపోవడానికి ఈ ముసలి కాళ్లు చాలవు. రామాంజిని వదిలించాలంటే ఈ మనిషి నాలుగింటికి బతికి ఉండాలి. మూలన ఉన్న గునపం చేతిలోకి తీసుకుంది. సందు మొదట్లో కారు హారన్ మోగింది.

యేసన్న ఇంకా నిలబడే ఉన్నాడు, కండువా చంకలోనే ఉంది. ఆమె ఆయన రెండు భుజాలూ పట్టి మంచం వైపు నొక్కింది.

"కూర్చో నాయనా."

"ఆయన వచ్చేటప్పుడు కూర్చోనుంటే బాగుండదు పాపా," అన్నాడు యేసన్న.